ఉన్నది ఉన్నట్టు

తెలుగు దినపత్రికల్లో బ్యాంకుల వేలం ప్రకటనలు ఎప్పుడైనా చదివారా? కథలూ కవిత్వమూ వెతుక్కునే మన కళ్ళు సాధారణంగా ఆ పేజీ మీద నిలవవు. అప్పు తీర్చలేకపోయినవాళ్ళ ఇళ్ళూ స్థలాలూ వేలం వేస్తూ చిన్న అక్షరాల్లో ఒక షరతు పెడతారు. ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతాం అని. ఇంగ్లీషు వ్యాపార భాషలోని 'యాజ్ ఈజ్' అనే మాటకి వచ్చిన తెలుగు అది. దాని గురించి మేమేమీ పూచీ పడం, కొన్నాక మమ్మల్నేమీ అడగొద్దు అని దానర్థం.

ఇంట్లో వాడుకునే మాట ఇంకొకటుంది. ఉన్నది ఉన్నట్టు. ఇది అమ్మకం గురించిన మాట కాదు, చెప్పడం గురించిన మాట. పిల్లల మధ్య తగువొస్తే 'ఉన్నది ఉన్నట్టు చెప్పు' అంటాం. పంచాయితీలో పెద్దలు ఆడమనిషిని నిలబెట్టి అడిగేదీ ఆ మాటే. అడిగి, తీరా చెప్పాక ఆమె మీద విరుచుకుపడడం వేరే సంగతి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని సామెత కూడా ఉండనే ఉంది. ఇంచుమించు అవే పదాలు ఒకచోట నోరు మెదపకుండా ఉండే హక్కుని ఇస్తున్నాయి, ఇంకోచోట నోరు విప్పమని నిలదీస్తున్నాయి.

చెడిపోయిన ఒక కంప్యూటర్ మదర్‌బోర్డుని అమ్మాల్సి వచ్చి, ఈ రెండు మాటల మధ్య నేను కొన్ని వారాలు నలిగాను. ఇంత చిన్న విషయానికి వ్యాసమా అని మీకు అనిపించవచ్చు. వెయ్యి రూపాయలు పలికితే గొప్ప అనుకునే వస్తువు. కానీ మనలాంటి వాళ్ళకి నీతి ప్రశ్నలు ఎక్కువగా ఈ ధరల్లోనే ఎదురవుతాయి. పెద్ద ధరల దగ్గర మన తరఫున ఇంకెవరో సంతకం పెడుతుంటారు.

నేనుండేది సికింద్రాబాద్‌లో కార్ఖానా. కార్ అంటే పని, ఖానా అంటే ఇల్లు. ఇంటిపనిని పనిగా లెక్కగట్టని లోకంలో 'పనిల్లు' అనే పేరున్న పేటలో కాపురం ఉండడం నాకు అప్పుడప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఇక్కణ్ణించి బస్సెక్కితే కాసేపట్లో ప్యారడైజ్, ఆ పక్కనే పార్క్‌లేన్. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే జంటనగరాల్లో కంప్యూటర్‌తో అవసరం పడిన ఎవరికైనా తెలుస్తుంది. కొత్తవీ పాతవీ విడిభాగాలు అమ్మేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు అంతస్తులంతా నిండి ఉంటారు. నా పీహెచ్‌డీ రోజుల్లో ర్యామ్ కోసం, బ్యాటరీ కోసం అక్కడికి ఎన్నిసార్లు తిరిగానో. ఎప్పుడు వెళ్ళినా మెట్ల మీద నా ముందూ వెనకా మగవాళ్ళే.

చచ్చిపోయింది నా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు. ఎనిమిదేళ్ళ మిషను. నా సిద్ధాంత గ్రంథం మొత్తం దాని మీదే టైపు చేశాను. ఒకరోజు మీట నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఒక రిపేరు షాపులో ఇస్తే, వాళ్ళు నన్ను అడక్కుండానే పెద్ద చిప్పుని వేడిగాలి గన్నుతో వేడిచేసి ఇచ్చారు. తొమ్మిది రోజులు పనిచేసి మళ్ళీ ఆగిపోయింది. రెండోసారి వెళ్ళినప్పుడు కౌంటర్లో కుర్రాడు ఉపాయం చెప్పాడు. "బోర్డ్ ఖతమ్ మేడమ్. ఇంకోసారి హీట్ చేసి ఇస్త. పది పదిహేను రోజులు నడుస్తది. అది నడుస్తున్నప్పుడే అమ్మేయున్రి." మంచి మనసుతోనే చెప్పాడు. నాకు నష్టం తగ్గించాలన్నదే అతని ఉద్దేశం.

ఈ వేడిచెయ్యడం ఏమిటో చెప్పకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. చిప్పుని బోర్డుకి పట్టి ఉంచేవి దాని అడుగున ఉండే చిన్న చిన్న టంకం బుడిపెలు. పాతరోజుల సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర కరిగేది. ఐరోపాలో 2006 జూలై నుంచి సీసం మీద నిషేధం వచ్చాక ఎక్కువగా వాడుతున్న టంకానికి 217 డిగ్రీలు దాటాలి. యంత్రం రోజూ వేడెక్కి చల్లారడంలో బుడిపెల్లోనో, చిప్పు లోపలో ఎక్కడో సన్నని పగులు వస్తుంది. పైనుంచి గట్టిగా వేడిచేస్తే ఆ పగులు తాత్కాలికంగా కలుసుకుంటుంది. బోర్డు లేచి కూర్చుంటుంది. మళ్ళీ పడిపోతుంది. పైగా వేడి తగిలిన ప్రతిసారీ బోర్డు పొరలు ఉబ్బే ప్రమాదం, రాగి అతుకులు లేచిపోయే ప్రమాదం పెరుగుతాయి. అంటే ఒకసారి వేడి తగిలిన బోర్డు, తగలని బోర్డు బయటికి ఒక్కలాగే కనిపించినా, బాగుచేసేవాళ్ళకి ఆ రెండూ ఒకటి కావు.

ఆ కుర్రాడు చెప్పినట్టు చెయ్యడం మోసం. అందులో నాకు ఆలోచించాల్సిందేమీ కనిపించలేదు. నన్ను ఆలోచనలో పెట్టింది రెండో దారి. చచ్చిన బోర్డుని చచ్చిన బోర్డుగానే, 'ఎలా ఉన్నది అలాగే' అని అమ్మడం. ఇళ్ళల్లో సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ పెట్టుకుని సరదాకో నేర్చుకోవడానికో బోర్డులు బాగుచేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. 2000 తర్వాతి కొన్నేళ్ళలో నాసిరకం కెపాసిటర్లు వేసిన మదర్‌బోర్డులు ప్రపంచమంతా చచ్చిపోయాయి. కెపాసిటర్ నెత్తి ఉబ్బి చిట్లి కనిపించేది. రెండు కాళ్ళు ఊడదీసి కొత్తది అతికిస్తే బోర్డు బతికేది. టంకం పని తమంతట తాము నేర్చుకోవడానికి చాలామందికి అంతకంటే మంచి పాఠం దొరకలేదు. ఇప్పటి బోర్డుల్లో లోపం అలా కంటికి కనబడదు, మీటరు పెట్టి వెతకాలి. వాళ్ళకి కావలసింది పనిచేసే యంత్రం కాదు, చెడిపోయినదే. ఆ చెడు ఎక్కడుందో కనిపెట్టడంలోనే వాళ్ళ ఆనందం.

దీన్ని కాస్త నిదానంగా చూడండి. మామూలు అమ్మకంలో లోపం సరుకుకి పట్టిన తెగులు. ఇక్కడ లోపమే సరుకు. వారపత్రికల్లో గళ్ళనుడికట్టు నింపే అలవాటున్నవాళ్ళకి ఇది సులువుగా తెలుస్తుంది. గడులు ఖాళీగా ఉన్నాయని పత్రికవాళ్ళ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఆధారాలు తప్పు అచ్చయినా, ఎవరో సగం గడులు తప్పుగా నింపి రబ్బరుతో చెరిపి అమ్మినా ఒళ్ళు మండుతుంది. నా బోర్డు విషయంలో ఎవరో ఒకరు అప్పటికే గడులు తప్పుగా నింపి చెరిపేశారు. ఆ చెరిపిన గుర్తు కొనేవాళ్ళకి కనబడదు. నాకు మాత్రమే తెలుసు. అప్పుడు 'ఎలా ఉన్నది అలాగే' అనేసి ఊరుకోవడం, తూకంలో తక్కువ ఇవ్వడం కాదా?

ఇంకొకటి కూడా నాకొక్కదానికే తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు మా అక్క కూతురు చేతిలోంచి చాయ్ గ్లాసు జారి కీబోర్డు మీద ఒలికింది. తలకిందులుగా పెట్టి రెండు రోజులు ఆరబెట్టాం. తర్వాత బాగానే పనిచేసింది. ఇప్పటి చావుకి దానికి సంబంధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తేమ తగిలిన చోట రాగి గీతలు నెమ్మదిగా పచ్చబడి తినేసుకుపోవడానికి ఏళ్ళు పట్టొచ్చు. సంబంధం ఉందో లేదో నాకు తెలియని సంగతిని చెప్పాలా?

మన చట్టం దీనికి ఏం చెబుతుందా అని చూశాను. సాహిత్యం చదివినవాళ్ళకి చట్టాలు చదవడంలో ఒక దొంగ సుఖం ఉంటుంది. వాటిలోని ఉదాహరణలు చిన్న చిన్న కథలు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్‌లో మోసానికి నిర్వచనం ఉంది. అవతలివాళ్ళ నిర్ణయాన్ని మార్చగల విషయం తెలిసినా, ఊరికే చెప్పకుండా ఉండడం మోసం కాదు అంటుంది. మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడో, మౌనమే మాటతో సమానమైనప్పుడో తప్ప. దానికి ఒక గుర్రం కథ చెబుతుంది. ఒకాయన జబ్బుగుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. జబ్బు సంగతి తనకి తెలుసు. ఏమీ మాట్లాడడు. మోసం కాదు. ఆ వెంటనే రెండో ఉదాహరణ. కొనే మనిషి ఆయన కూతురు, అప్పుడే మేజరైంది. ఇప్పుడు మాత్రం గుర్రం జబ్బు సంగతి చెప్పవలసిన బాధ్యత ఆయనకుంది.

కూతురు! నూటయాభై ఏళ్ళ కిందటి ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొడుకు కాదు, భార్య కాదు, పొరుగింటివాడు కాదు. అప్పుడే మైనారిటీ తీరిన కూతురు. తండ్రి మాట తప్ప ఇంకో ఆధారం లేని మనిషికి ఉదాహరణ కావలసివస్తే చట్టం రాసినవాళ్ళకి ఆమే తట్టింది. చట్టం ఉద్దేశం మంచిదే. నమ్మే మనిషి దగ్గర మౌనం కూడా అబద్ధమే అంటోంది. ఇక్కడో చిన్న మాట. కంప్యూటర్‌వాళ్ళ భాషలోనూ ఇదే కుటుంబం ఉంది. పెద్ద పలక మదర్‌బోర్డు, దానికి తగిలించే చిన్న పలక డాటర్‌బోర్డు. తండ్రి పలక, కొడుకు పలక ఎక్కడా లేవు. మోసేవీ, అతికించుకునేవీ తల్లీకూతుళ్ళే కాబోలు.

మిగిలిన చట్టాలు కూడా నా మౌనానికి అనుకూలంగానే ఉన్నాయి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఆ సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్నవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొన్నప్పుడు వాడికి కొంత పూచీ ఉంటుంది. నాది ఆ వృత్తి కాదు. ఒప్పందాల చట్టంలోనే 19వ సెక్షన్ ఇంకో మెలిక పెట్టింది. మౌనంతో మోసం జరిగినా, కొన్నవాళ్ళు మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఒప్పందం రద్దు కాదు. నీ దగ్గర మల్టీమీటర్ ఉంది కదా నాయనా, చూసుకోవలసింది అంటుందన్నమాట. రద్దయిన బేరాలకీ తప్పు బేరాలకీ మధ్య చాలా చోటుంది. మనం బతికేది ఎక్కువగా ఆ చోటులోనే.

క్రీస్తుకు పూర్వం 44లో సిసిరో తన కొడుక్కి రాసిన కర్తవ్యాల పుస్తకంలో ఇలాంటి వాదన ఒకటుంది. లోపాలున్న ఇంటిని అమ్మేవాడు ఆ లోపాలు చెప్పాలా అని. చెప్పాలంటాడు యాంటిపేటర్. అతని గురువు డయోజెనెస్ ఒప్పుకోడు. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు. జబ్బుపట్టిన ఇల్లు అమ్మబడును అని ఎవరైనా దండోరా వేయిస్తారా అని వెటకారం కూడా చేస్తాడు. పాపం డయోజెనెస్‌కి పాత బోర్డుల బేరం తెలియదు. ఇక్కడ జరిగేది సరిగ్గా ఆ దండోరాయే. 'చచ్చిన బోర్డు అమ్మబడును' అని చెబితేనే కొనేవాళ్ళు వస్తారు. కాబట్టి అతని వాదన ఇక్కడ నిలబడదు. నేను జబ్బుంది అని ఎలాగూ చెప్పేస్తున్నాను. ఆ చెప్పడమే మిగతాది దాచడానికి మంచి ముసుగైపోతోంది. ఒక పెద్ద నిజం చెప్పినవాళ్ళని చిన్న నిజాల గురించి ఎవరూ అడగరు.

ఆడవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మన పెద్దలు. పెళ్ళిళ్ళ విషయంలో బొంకితే పాపం లేదని పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెబుతాడు. పెళ్ళికొడుకు మూర్ఛ సంగతి, తాగుడు సంగతి, మొదటి పెళ్ళి సంగతి దాచినవాళ్ళు నిజానికి చాలాసార్లు అబద్ధమాడరు. అడగలేదు కాబట్టి చెప్పలేదంటారు. 'అబ్బాయికి కొంచెం కోపం ఎక్కువ' అని ఒక పెద్ద నిజం ముందే పారేస్తారు. తర్వాత దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన పిల్లతో, ముందే చెప్పాం కదమ్మా అంటారు. 'ఎలా ఉన్నది అలాగే' అనే షరతు మీద ఈ దేశంలో జరిగిన అతి పెద్ద వ్యాపారం గుర్రాలదీ ఇళ్ళదీ కాదని నా అనుమానం.

అందుకే కన్యాశుల్కంలో (1897లో మొదట అచ్చయి, 1909లో తిరగరాసిన నాటకం) కరటకశాస్త్రులు తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకి అమ్మినప్పుడు మనకి ఒక్క క్షణం కూడా బాధనిపించదు. అంతకంటే నగ్నమైన సరుకుల మోసం తెలుగులో నేను చదవలేదు. అయినా నవ్వుతూ మోసగాడి పక్షాన నిలబడతాం. ఎందుకంటే కొనేవాడు చిన్నపిల్ల సుబ్బిని కొనబోయిన ముసలివాడు. అవతలి మనిషి చేస్తున్న పనీ, అతని చేతిలో ఉన్న బలమూ మన మౌనం రంగుని మార్చేస్తాయి. ఈ తేడా తెలియకుండా నిజం చెప్పు, నిజం చెప్పు అని బోధించే నీతి ఆడవాళ్ళకి ఎప్పుడూ అంతగా పనికిరాలేదు.

'నాకేం తెలుసమ్మా' అనే మాట మన తల్లుల నోట ఎన్నిసార్లు విన్నాం! మామగారు ఆరా తీస్తే నాకేం తెలుసు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే నాకేం తెలుసు. లోకం ఆడదానికి అంటగట్టిన అజ్ఞానాన్ని తీసుకుని కవచంగా కట్టుకోవడం అది. దాన్ని అబద్ధమనడానికి నాకు నోరు రాదు. బోర్డు అమ్మేటప్పుడు అదే కవచం నాకు సిద్ధంగా ఉంది. నేనడగకుండానే తొడుగుతున్నారు కూడా. చూడ్డానికొచ్చిన మొదటి మనిషి పదేసి బోర్డులు ఒకేసారి కొని, సెలవురోజుల్లో బాగుచేసి, కుదిరినవి అమ్ముకునే ఉద్యోగస్తుడు. బోర్డు తిప్పిచూసి పన్నెండు వందలన్నాడు. ఒకసారి వేడిచేశారండీ, అంతకుముందు చాయ్ పడిందండీ అని నేను మొదలుపెట్టగానే నవ్వి, "అవన్నీ మీకెందుకు మేడమ్, నేను చూసుకుంట" అన్నాడు. వినలేదు. ఆడమనిషి బోర్డు గురించి చెప్పే సంగతి ఆయన చెవికి సమాచారంలా కాదు, కబురులా వినబడింది.

మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో దీనికి ఒక పేరు పెట్టింది. మాట్లాడేది ఎవరన్నదాన్ని బట్టి సాక్ష్యం విలువ తగ్గించడం ఒక అన్యాయం, అది జ్ఞానం విషయంలో జరిగే అన్యాయం అని. నిజమే. కానీ ఆమె ఎక్కువగా వినబడని మనిషికి జరిగే నష్టం గురించి చెబుతుంది. ఇక్కడ నాకు నష్టమేమీ లేదు. నా మాట వినకపోవడం వల్ల నాకు పన్నెండు వందలు వస్తున్నాయి. నన్ను తక్కువగా చూసినందుకు ఆయనే ఆ నష్టం భరిస్తాడు. చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు కొంచెం తమాషాగానే అనిపించింది. తగిన శాస్తి అనుకోవచ్చు కదా? నేను చెప్పడం చెప్పాను, వినకపోవడం ఆయన ఖర్మ.

ఆ వాదన చివరిదాకా నడవదు. అసలు ఈ పలకలు తయారుచేసిన చేతులెవరివో గుర్తుచేసుకుంటే చాలు. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఎగుమతి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లల గురించి. వాళ్ళవి పుట్టుకతో వచ్చిన చురుకైన వేళ్ళు అని యాజమాన్యాలు అంటాయి. నిజానికి ఆ నేర్పు ఇంట్లో తల్లి దగ్గర కుట్టుపనిలో, ఇంటిపనిలో ఏళ్ళ తరబడి నేర్చుకున్నది. నేర్చుకున్నదని ఒప్పుకుంటే దానికి జీతం ఇవ్వాలి. అందుకని ప్రకృతి ఖాతాలో వేస్తారు. తెలిసిన ఆడదాన్ని తెలియనిదాని కింద లెక్కగట్టడం మీద ఇంత పెద్ద పరిశ్రమ నిలబడి ఉన్నప్పుడు, వెయ్యి రూపాయల లాభం కోసం నేను కూడా తెలియనిదానిలా నిలబడడం ఆ లెక్కకే ఇంకో సున్నా చేర్చడం. నాకు తెలుసు. ఎప్పుడు వేడిచేశారో, ఎన్ని రోజులు నడిచిందో తేదీలతో సహా తెలుసు. అది ఇంజనీరు జ్ఞానం కాదు, ఆ యంత్రంతో ఎనిమిదేళ్ళు బతికిన మనిషి జ్ఞానం. చిన్నప్పుడు స్టీలు సామాన్లామె వీధిలోకి వస్తే మా పేటలో ఆడవాళ్ళు పాత చీరలిచ్చి గిన్నెలు తీసుకునేవాళ్ళు. చిరుగు లోపలికి వచ్చేలా మడతపెట్టడంలో ఒక్కొక్కరికీ ఒక్కో నేర్పు. ఆమె ఒక్కొక్క చీరా విప్పి, వెలుగుకి ఎత్తి పట్టి చూసేది. మామగారి ముందు వేసుకున్న కవచమే ఆ బుట్టామె ముందూ వేసుకునేవాళ్ళు. నాకేం తెలుసమ్మా, మడత మడతలాగే ఉంది! ఆమె మనకంటే లేనిది. అక్కడ ఆ మాట నాకు కవచంలా అనిపించదు.

నిజం చెబితే ఎవరూ కొనకపోతే? ఈ ప్రశ్న కూడా తేలికైనది కాదు. అమ్ముడుపోని బోర్డు తుక్కులోకి పోతుంది. ఈ-వ్యర్థాలకి మన దేశంలో మొదటి నియమాలు 2012 మే నుంచి, ఇప్పుడున్నవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. తయారుచేసిన కంపెనీలదే బాధ్యత అన్నారు. అయినా ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల చేతులతో విడదీసే పని ఆగలేదు. కాల్చి, ఆమ్లంలో ముంచి లోహం తీసే ఆ పనిలో పేద ఆడవాళ్ళూ ఉన్నారు. చిన్న మౌనంతో ఒక బోర్డు ఇంకో రెండేళ్ళు బతికితే ఆ పొగ అంత తగ్గుతుంది కదా అని నా మిత్రురాలొకామె వాదించింది. నాకది కొంచెం పట్టుకుంది. కానీ ఆలోచించిన కొద్దీ, బాగుచెయ్యడానికి వీల్లేకుండా చేసేది మౌనమే అనిపించింది. లోపం ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్ళే బోర్డుని బతికించగలరు. చాయ్ సంగతి తెలియని మనిషి నేరుగా పెద్ద చిప్పునే మళ్ళీ వేడిచేస్తాడు. రెండో వేడికి బోర్డు నిజంగానే చస్తుంది.

ఏం చెప్పాలి అన్నదానికి నాకు దొరికిన కొలత ఇంతే. చూసిందీ, చేసిందీ, చేయించిందీ చెప్పాలి. నా ఊహలు చెప్పనక్కర్లేదు. 'ఈ బోర్డు బాగవదు' అనేది నా ఊహ, అది చెప్పడానికి నాకు హక్కు కూడా లేదు. 'చాయ్ పడింది' అనేది సంగతి. దానికి సంబంధం ఉందో లేదో తేల్చవలసింది వాళ్ళు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాశాను. చాయ్ ఒలికిన నెల. ఆగిన తేదీ. వేడిచేసింది ఒకసారి, ఆ తర్వాత తొమ్మిది రోజులు నడిచింది. అడాప్టర్ మార్చి చూశాం, తేడా లేదు. ఆ కాగితాన్ని బోర్డు పెట్టిన కవరుకి అంటించాను. ఆడమనిషి నోటిమాటకి లేని విలువ రాతకి వస్తుందేమోనన్న ఆశ కూడా కొంచెం ఉంది. ఉద్యోగస్తుడు కాగితం చదివి, ఏడు వందలకి దిగాడు. అంటే ఆ నాలుగు ముక్కల విలువ ఐదు వందలన్నమాట. నా సిద్ధాంత గ్రంథంలో ఏ నాలుగు వాక్యాలకీ ఎవరూ అంత ధర కట్టలేదు.

రెండో మనిషిగా బొల్లారం వైపు నుంచి పాలిటెక్నిక్ చదివే అమ్మాయి వచ్చింది. చట్టంలోని కూతురు వయసే. ఇంటిమీద అమ్మ కుట్టుమిషను పక్కన బల్ల వేసుకుని నేర్చుకుంటోందట. ఐదు వందలకి మించి ఇవ్వలేనంది. ఆమెకి ఇంకాస్త ఎక్కువ చెప్పాలనీ, వేరే బోర్డు కొనుక్కోమ్మా అనాలనీ నాకు నాలిక చివరిదాకా వచ్చింది. కరోల్ గిలిగన్ 1982లో రాసిన పుస్తకం చదివినవాళ్ళకి తెలుసు, ఆడవాళ్ళ నైతిక భాష హక్కుల చుట్టూ కంటే సంబంధాల చుట్టూ తిరుగుతుందని ఆమె వాదించింది. ఆ భాష నాకిష్టమే. అయితే సంబంధం ఉన్నచోట నిజం, లేనిచోట మౌనం అనేది 1872 చట్టం పద్ధతి కూడా. ఇంటి ఆడపిల్లకి గుర్రం జబ్బు చెప్పి, అదే గుర్రాన్ని పరాయి ఆడపిల్లకి అంటగట్టే తండ్రులు మనకి కరువు కాదు. పెళ్ళిచూపుల్లో మనం దెబ్బతిన్నది అక్కడే. ఉద్యోగస్తుడికిచ్చిన కాగితమే ఆమెకీ ఇచ్చాను. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

తేడా ఆమె వైపు నుంచి వచ్చింది. నోటుపుస్తకం తీసి అడగడం మొదలుపెట్టింది. చాయ్ ఏ వైపు పడిందక్కా? చక్కెర ఉన్నదా? వేడిచేసినప్పుడు పక్కన ప్లాస్టిక్ కనెక్టర్లు కరిగినట్టు వాసనొచ్చిందా? ఎడమ వైపు పడిందని, చక్కెర ఉందని చెప్పాను. వాసన సంగతి నాకు తెలియదు, షాపులో జరిగింది. ఆ యంత్రంతో నేను బతికిన ఎనిమిదేళ్ళని ఎవరైనా విషయపరిజ్ఞానంగా లెక్కపెట్టి ప్రశ్నలడగడం అదే మొదటిసారి. ఐదు వందలకి ఆమెకే ఇచ్చాను. రెండు వందలు పోయాయని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

మూడు నెలల తర్వాత ఫోన్ చేసింది. ఎడమ వైపు ఒక చిన్న కెపాసిటర్ షార్ట్ అయి ఉందట, తీసేసిందట. అక్కడ పచ్చబడిన చోటంతా ఆల్కహాల్‌తో కడిగిందట. అయినా తెర రాలేదు. పెద్ద చిప్పు తన వల్ల కాదని, ఇంకొకరికి ఆరు వందలకి అమ్మేసింది. కాగితం కూడా ఇచ్చావా అని అడిగాను. ఇచ్చిందట. నాది పాతబడిందని కొత్తగా రాసి ఇచ్చింది. వేడిచేసిన సంగతి, తొమ్మిది రోజుల సంగతి, తను తీసేసిన కెపాసిటర్ సంగతి అన్నీ రాసింది. చాయ్ గురించి మాత్రం రాయలేదు.

"ఎందుకు రాయలేదమ్మా?"

"నేను కడిగేసిన కదక్కా. ఇప్పుడు బోర్డు మీద చాయ్ లేదు."

నేను చూసింది చెప్పాలన్నాను. ఆమె చూసినప్పుడు చాయ్ ఉంది, అమ్మినప్పుడు లేదు. కడిగేసిన మరక చరిత్రలో ఉంటుందా, వస్తువులో ఉంటుందా? నీ గురించి ఎవరైనా కడిగేసిన సంగతి మళ్ళీ మళ్ళీ చెబితే ఎలా ఉంటుంది అని ఆమె నన్ను అడగలేదు గానీ, అడిగి ఉంటే ఆడదాన్ని కాబట్టి నాకు జవాబు కష్టమయ్యేది. కొన్న మనిషి ఫోన్ నంబరు ఉందా అని అడిగాను. ఉందంది. చాయ్ సంగతి ఒకసారి చెప్పి చూడమన్నాను. "చెప్తే పైసలు వాపస్ అడుగుతడేమో అక్కా" అంది. అడిగితే ఎంత ఇస్తావన్నాను. కాసేపు లెక్కేసుకుని, "వంద" అంది.